ఊరికే ఉరికేదేందప్పా!

తెల్లారగట్ల ఐదింకా కాలేదు. ప్యాపిలి బస్టాండు ముందు టీ బండి వాడు అప్పుడే పొయ్యి అంటించాడు. డోన్ వైపు పోయే తొలి పల్లెవెలుగు కోసం ఇద్దరు ముగ్గురు కూలీలు దుప్పట్లు కప్పుకొని అరుగు మీద కూర్చున్నారు. మనం బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే ఓరకంట చూస్తున్నారు. తలెత్తితే తూర్పున గొల్లకావడి, దానికి పైన పిల్లలకోడి. శ్రావణమాసపు గాలి పడమటి నుంచి విసురుగా కొడుతోంది.

దారి ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది ఆ గాలినే. చొక్కా పొట్టకు అతుక్కునే వైపు బయల్దేరాలి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపుగాలి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కష్టం అయిపోవాలి కదా. తెలియక గాలివాటున హుషారుగా అయిదారు కిలోమీటర్లు పోయినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు నడిచే వస్తారు.

ఎటు పోకూడదో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఊరి పక్క నుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. కాగితం మీద అది శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే దారి. మనవాళ్ళకు హైదరాబాదు–బెంగళూరు రోడ్డు, పాతవాళ్ళ నోట ఇప్పటికీ ఏడో నంబరు. రాత్రంతా బండి నడిపిన డ్రైవర్లు సరిగ్గా ఈ వేళకే కునుకు తీస్తుంటారు. తెల్ల గీత లోపలే ఉరుకుతున్నాం కదా అనుకోవడానికి లేదు. అటు చప్పుడు వింటూనే మనం ఊరి లోపలి రోడ్డు పట్టుకుంటాం.

మొదటి కిలోమీటరు నిద్రమత్తు వదలడానికే సరిపోతుంది. కొట్లన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. ఇళ్ళు పలచబడి, కానుగ చెట్లు మొదలై, ఒక కల్వర్టు దగ్గరకు వచ్చేసరికి ముందర చీకట్లో అడుగుల చప్పుడు. ఒక జత కాదు, చాలా జతలు. దగ్గరైతే తెలుస్తుంది, డిగ్రీలు చదివిన పిల్లలు. కొందరికి బూట్లు, కొందరికి కాన్వాసు జోళ్ళు, ఒకడికి వట్టికాళ్ళు. వాళ్ళ వెనక టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక నాయన, హెడ్‌లైటు వెలుగును ముందు ఉరికే కూతురి కాళ్ళ కింద పడేలా పట్టుకొని నిదానంగా వస్తున్నాడు. ఆ పిల్ల చున్నీని నడుముకు బిగించి ముడేసుకుంది.

ప్యాపిలి చుట్టుపక్కల పొద్దున్నే ఉరికేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే. ఒళ్ళు తగ్గించుకోవడానికో, డాక్టరు చెప్పాడనో ఉరికేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. వీళ్ళు ఉరికేది ఉద్యోగం కోసం. రాష్ట్ర పోలీసు కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల పరుగు తప్పదు. మగపిల్లలైతే 8 నిమిషాల్లో, ఆడపిల్లలైతే 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. సైన్యంలో అగ్నివీర్‌కు పోయేవాళ్ళ లెక్క ఇంకా గట్టిది. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ఉరికితేనే పూర్తి 60 మార్కులు. కేంద్ర బలగాల్లో జీడీ కానిస్టేబులుకు మగపిల్లలు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు ఉరకాలి.

ఈ లెక్కలన్నీ వాళ్ళు కరెంటు స్తంభాల్లోకి మార్చుకున్నారు. రోడ్డు పక్క స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం సుమారు యాభై మీటర్లు అనుకుంటే, స్తంభానికి 15 సెకన్లు పడితే పోలీసు, 10 సెకన్లు పడితే మిలిటరీ. ఆడపిల్లలకు 20 సెకన్లకు కాస్త లోపు. రెండు స్తంభాలు గట్టిగా ఉరికి, ఒక స్తంభం మెల్లగా, మళ్ళీ రెండు గట్టిగా. మనమూ వాళ్ళ వెనకే పట్టుకుంటాం. మొదటి రెండు స్తంభాలు బాగానే ఉంటాయి. మూడో దఫాకు ఎదురుగాలి నోట్లోకి వచ్చి ఊపిరి కుక్కినట్టు అవుతుంది. ముందున్న పిల్లోడు వెనక్కి తిరక్కుండానే అరుస్తాడు: “అన్నా, తల దించు. భుజాలు వదులు చెయ్. గాలితో కొట్లాడద్దు.”

వీళ్ళ ఓపిక ఎంతటిదో ఒక్క నోటిఫికేషన్ కథ చెబుతుంది. 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ జరిగింది. పరుగు పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. నడుమ దాదాపు రెండేళ్ళు, ఈ నెలా వచ్చే నెలా అనుకుంటూ ఉరికినవాళ్ళు జిల్లా జిల్లాకూ ఉన్నారు. తేదీ తెలిస్తే దానికి తగ్గట్టు ఒళ్ళు సాగు చేసుకోవచ్చు. తేదీ తెలియని పరుగుకు రోజూ ఒకే పదును కావాలి.

రెండో కల్వర్టు దగ్గర వాళ్ళు వెనక్కి తిరుగుతారు. మనం తారు దిగి ఎడమ పక్క బండిదావ పట్టుకుంటాం.

ఇక్కడ అడుగు మారుతుంది. తారు మీద పాదం ఎట్లా వేసినా సాగిపోతుంది. దావలో ప్రతి అడుగూ చూసి వేయాలి. నడుమ గడ్డి వరస, రెండు పక్కలా చక్రాల గాడి. గాడిలో గరుసు మన్ను గట్టిగా కూర్చొని ఉంటుంది, అందులోనే ఉరకాలి. అక్కడక్కడ నాపరాయి ముక్క నిటారుగా పైకి లేచి ఉంటుంది, బొటనవేలు తగిలిందంటే మళ్ళీ మరచిపోం. ఇంకాస్త పోతే ఎర్రనేల పోయి నల్లరేగడి తగులుతుంది. మొన్నటి వానకు అది ఇంకా ఆరలేదు. పది అడుగులు వేసేసరికి బూటుకు బూటంత మన్ను. విదిలిస్తే పోదు, కంప పుల్లతో గీకాల్సిందే. తెలిసినవాళ్ళు వాన పడిన మూడో నాటిదాకా రేగడి దావలో కాలు పెట్టరు.

తూర్పు తెల్లబడుతోంది. గెనిమ పక్కన ఒక హద్దురాయి కనిపిస్తుంది, సున్నం రాలిపోయి, పక్కకు ఒరిగి. ఇట్లాంటి పొలాలను గొలుసు పట్టి కొలిపించిన దొర థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరు ఆయనే. స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టినవాడు, ఈ మిట్టలమీద గుర్రమెక్కి, డేరాల్లో పడుకొని ఊరూరూ తిరిగాడు. సర్వేకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. మన పరుగులో అది తొమ్మిది పది అంగలు. ఆ గొలుసు నాలుగు వైపులా పరిస్తే వచ్చే చదరాలు నలభై కలిస్తే ఎకరా. అంటే ఈ దావలో మనం దాటుతున్నది వట్టి నేల కాదు, అంగుళం అంగుళం లెక్కకెక్కిన నేల. మనం పోతున్న దావకూ ఊరి నక్షాలో గీత ఉంటుంది. రికార్డులో రస్తా పోరంబోకు అని రాస్తారు. అంటే అది ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. పక్క పొలం ఆసామి ప్రతి దుక్కికీ ఒక చాలు ఇటు జరిపితే మాత్రం, నక్షాలో బండి పట్టే దావ పొలంలో మనిషి పట్టేంత అవుతుంది.

మన్రో పుట్టిన దేశానికి దక్షిణాన ఇంగ్లండులో ఈ తగాదా వేరే రకంగా నడిచింది. అక్కడి పల్లెల్లో పచ్చికబీళ్ళ మధ్య, చర్చి గోడల పక్కన, వాగుల వెంబడి పోయే కాలిబాటల మీద ఎవరైనా నడవవచ్చు, ఉరకవచ్చు. పొలం ఒకరిదైనా బాట మీద హక్కు జనానిది. ఇంగ్లండు, వేల్సు కలిపి అట్లాంటి దారులు రెండు లక్షల కిలోమీటర్లకు పైనే. కంచె అడ్డం వస్తే దాటడానికి చెక్క మెట్లు కూడా ఉంటాయి. ఇవేవీ ఊరకే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే మిట్ట మీద, దొరలు వేటకని మూసిపెట్టుకున్న భూముల్లోకి వందల మంది కార్మికులు కావాలనే నడిచిపోయారు. కొందరు జైలుకూ పోయారు. కొండలమీదా బయళ్ళలోనూ స్వేచ్ఛగా తిరిగే హక్కు చట్టంగా వచ్చింది 2000లో. అక్కడ ఆదివారం పూట తీరికకు ఉరికేవాడికి ఆ చట్టం తోడు. ఇక్కడ మనకు తోడు ఊరి మర్యాదే. అది కావాలంటే మన మర్యాద మనం చూపించాలి.

ఎట్లా చూపించాలో ముందున్న పల్లెలో తెలుస్తుంది. పల్లె మొదట్లో దిబ్బలు, వాములు, కొట్టాలు. బేతంచెర్ల వైపు నుంచి తెచ్చిన నాపబండలు నిలువునా పాతి దొడ్లకు గోడలు కట్టారు. మిద్దెల మీద కూడా అవే బండలు. వాకిట్లో కల్లాపి చల్లుతున్న ఆమె చెయ్యి ఆపి చూస్తుంది. మనం నిదానించకపోతే నీళ్ళు మన మీదే పడతాయి. అంతకన్నా ముందు కుక్కలున్నాయి. మూడు ఒక్కసారే లేచాయి. ఉరికామా, తరుముతాయి. నిలబడి, నడక పట్టి, చేతులు కిందికి వదిలేయాలి. అయినా మీదికొస్తే వంగి రాయి తీసుకున్నట్టు నటిస్తే చాలు, రాయి అక్కర్లేదు. దాటాక పాతిక అడుగులు నడిచి అప్పుడు ఉరకాలి. తలుపు సందులోంచి ఒక అవ్వ కుక్కనే తిడుతుంది: “ఏయ్, మనిషిని సూడవా ఏంది! ఉండప్పా, అది ఏం చెయ్యదులే.”

ఎద్దులు ఎదురైతే మనమే పక్కకు దిగాలి. బూట్ల చప్పుడుకు, రంగురంగుల చొక్కాకు అవి బెదురుతాయి. బెదిరిన ఎద్దు కాడి తప్పించుకుంటే ఆ రైతుకు గంట పని చెడుతుంది. పాలక్యాన్లు కట్టిన మోటారు సైకిలుకు దారి ఇవ్వాలి, వాడికి డెయిరీ వేళ దాటకూడదు. నీళ్ళ బిందెతో వచ్చే ఆడమనిషి ఎదురైతే నిలబడాలి. ఈ దావల్లో మన పరుగొక్కటే పనిలేని పని. మిగతా అందరికీ ఇది పనిదారి.

పల్లె దాటితే మిట్ట. ఇక్కడ గాలి పూర్తిగా మన ముఖం మీదే. ఎర్రమల కొండల వరస బూడిదరంగు నుంచి ఆకుపచ్చకు తిరుగుతోంది. మిట్టల మీద గాలిమరలు వరసగా నిలబడి రెక్కలు తిప్పుతున్నాయి. ఒకటి దగ్గరగా ఉంది. రెక్క కిందికి దిగినప్పుడల్లా ఊపు శబ్దం. మన ఊపిరి దానితో కలిసీ కలవక ఇబ్బంది పెడుతుంది. మనల్ని వెనక్కి తోస్తున్న గాలినే అది కరెంటు చేసుకుంటోంది.

రెండు పక్కలా బుడ్డల చేను. పసుపు పూలు రాలి ఊడలు భూమిలోకి దిగుతున్న అదను. పది సాళ్ళకు ఒక సాలు కంది. ఆ పక్క టమోటా తోటలో అప్పుడే మనుషులు వంగి ఉన్నారు. ఎండ ముదరకముందే కాయలు కోసి బాక్సులకు ఎత్తితేనే మార్కెట్టుకు పొద్దుండగా చేరతాయి. బాక్సులు మోసే పిల్లోడు తల మీద బరువుతోనే గెనిమ వెంట ఉరుకుతున్నాడు. సన్నటి గట్టు, మంచుకు తడిసిన గడ్డి. అయినా అడుగు తప్పడం లేదు. వాడి పరుగుకు కొలిచేవాడు లేడు, మార్కులూ లేవు. మనం ఎంత సాధన చేసినా అట్లా ఉరకలేం.

తంగేడు పొదల పక్కన గొర్రెల మంద దావంతా కమ్ముకొని వస్తోంది. ఆగిపోతాం. గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన మనల్ని కింది నుంచి పైదాకా చూస్తాడు.

“ఏమప్పా, ఎవురన్నా తరుముకొస్తాండారా?”

“ల్యా పెద్దాయనా. ఊరికే ఉరుకుతాండాం.”

“ఊరికే ఉరికేదేందప్పా!” అని నవ్వి, గొర్రెలను అదిలించి దారి ఇచ్చాడు. ఆయన అన్నదానిలో తప్పేం ఉంది? ఈ సీమలో మనుషులు పొలాల వెంట తిరిగితే దానికి ఒక కారణం ఉంటుంది. తొలకరి పడగానే పక్కనున్న తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం తల వంచుకొని రోజంతా నడుస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకు తిని మరీ వెతుకుతారు. ఒక్క రాయి దొరికితే అప్పులు తీరతాయని ఆశ. అట్లాంటి చోట ఏమీ వెతక్కుండా, ఎవరూ తరమకుండా ఉరికేవాళ్ళం మనమే.

పొద్దు పొడిచింది. నీడ ఎంత తక్కువో ఇప్పుడు తెలుస్తుంది. దూరంగా ఒక వేపచెట్టు, దాని కింద బోరు, సిమెంటు తొట్టి. మన పరుగుకు అదే కొస. ఇక్కడి దారులకు మలుపును కిలోమీటర్లు నిర్ణయించవు, నీళ్ళు నిర్ణయిస్తాయి. ఎంత దూరం పోవాలన్న ప్రశ్నకు జవాబు, కరెంటు వచ్చే బోరు ఎంత దూరంలో ఉంటే అంత. ఆసామి తొట్టి పక్కన చేతులు కడుక్కుంటున్నాడు. అడగకముందే చెంబు అందించాడు. గుక్కలో తాగకుండా నోరు పుక్కిలించి, రెండు చెంబులు తల మీద పోసుకొని, తర్వాత తాగాలి. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. ఆ వేళకు అదే మేలు.

నీళ్ళూ నీడా అనే లెక్క ఈ నేలకు చాలా పాతది. ఇక్కడి నుంచి నేరుగా పడమరకు గీత గీస్తే, ఇరవై కిలోమీటర్ల దాపులో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. రెండు వేల రెండు వందల ఏళ్ళకు పైబడిన రాతలు. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడి వెలుగులోకి వచ్చాయి. దారుల వెంట బావులు తవ్వించానని, మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా చెట్లు నాటించానని ఆ శాసనాల్లో ఒక దాంట్లో చక్రవర్తి చెప్పుకున్నాడు. అక్కడే ఇంకో శాసనంలో కొన్ని వరసలు ఎద్దు చాలు తిప్పినట్టు రాసి ఉంటాయి, ఒకటి ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకు.

మన్రో కథా చివరికి నీళ్ళ దగ్గరికే చేరింది. మద్రాసు గవర్నరుగా ఉండి, సొంత దేశానికి వెళ్ళిపోయే ముందు ఒకసారి పాత ఊళ్ళు చూసిపోదామని వచ్చినప్పుడు ఆయనకు కలరా తగిలింది. 1827 జులై 6న పత్తికొండలో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకార్థం అక్కడ కట్టించింది మెట్ల బావి, వేయించింది చెట్ల తోపు. కలరా నీళ్ళలో వస్తుందని అప్పటికింకా ఎవరికీ తెలియదు. బాటసారికి మేలు చేయాలంటే ఏం చేయాలో మాత్రం అశోకుడి కాలంలోనూ, కంపెనీ కాలంలోనూ ఈ నేల మీద ఒకటే తోచింది. 2023 సెప్టెంబరులో హంద్రీ–నీవా నీళ్ళతో డోన్, పత్తికొండ వైపు చెరువులు నింపే పథకం మొదలుపెట్టింది కూడా ఆ నీళ్ళ లెక్కతోనే. చెరువులో నీళ్ళుంటే పక్కనున్న బోర్లు పలుకుతాయి. బోర్లు పలికితే మనకీ చెంబు నీళ్ళు దొరుకుతాయి.

“రేపు ఇట్లనే వస్తారా?” అని ఆసామి అడిగాడు. “వచ్చేటట్టయితే ఊర్లో నుంచి కొంచెం ఫ్యూజు వైరు తెచ్చియ్యండప్పా. ఇది వట్టి ముక్కలతో నెట్టుకొస్తాండా. దాని కోసమని పని ఇడిసిపెట్టి రాల్యాక ఉండా.” స్టార్టరు పెట్టె తలుపు తీసి చూపించాడు. ఎన్నో ముడులు పడిన రాగి తీగ, చుట్టూ నల్లబడిన పింగాణీ.

తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. ఇందాక ఏడిపించిన మిట్ట ఇప్పుడు దిగుడు. పల్లెలో కుక్కలు ఒకసారి తలెత్తి చూసి పడుకున్నాయి. కల్లాపి ఆరి ముగ్గు పడింది, దాన్ని తొక్కకుండా పక్కగా పోవాలి. ఎండ మెడ మీద చురుక్కుమంటోంది. తారు రోడ్డు చేరేసరికి ట్రాక్టర్లు, ఆటోలు, బడి పిల్లలు. దారి ఇక మనది కాదు.

హైస్కూలు మైదానంలో ఇందాకటి పిల్లలు ఇంకా ఉన్నారు. సున్నంతో గీసిన చుట్టు 200 మీటర్లు, 1600కు ఎనిమిది చుట్లు. చున్నీ నడుముకు కట్టుకున్న ఆ పిల్ల ఆరో చుట్టులో ఉంది. ముఖం ఎర్రబడింది, నోరు తెరిచే ఉంది, చేతులు మాత్రం లయ తప్పలేదు. నాయన ఫోను పట్టుకొని గీత దగ్గర నిలబడ్డాడు. ఏడో చుట్టుకు ఒక పిల్లోడు పక్కన చేరి, మాట్లాడకుండా రెండడుగులు ముందు ఉరుకుతున్నాడు. వాడి మడమలు చూస్తూ ఆమె వస్తోంది. ఆఖరి చుట్టులో ఎదురుగాలి వైపు మలుపులో ఒక్క క్షణం వెనకబడి, మళ్ళీ పట్టుకుంది. గీత దాటాక కూర్చోలేదు, నడుం మీద చేతులు పెట్టుకొని నడుస్తూనే ఉంది. 10 నిమిషాల 12 సెకన్లు. నాయన ఆ అంకె గట్టిగా చదవలేదు, ఫోను ఆమె ముందుకు చాపాడు. ఆమె చూసి, “పోయిన వారం కన్నా మేలు నాయనా,” అని నీళ్ళ సీసా అందుకుంది.

మైదానం బయట హోటల్లో ఉగ్గాని వేడివేడిగా దింపారు. నీళ్ళలో తడిపి పిండిన బొరుగులు, పసుపు తాలింపు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పైన పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీ. మనతో ఉరికిన పిల్లలు రేపటి దారి గురించి వాదులాడుకుంటున్నారు. రాత్రికి మబ్బు పట్టేలా ఉంది, వాన పడితే రేగడి వద్దు, గరుసు దావే మేలని ఒకడు. మనకు ఆ వాదనతో పని లేదు, రేపు ఎటు పోవాలో ఇప్పటికే తేలిపోయింది. ఉగ్గాని డబ్బులు ఇచ్చి, ఎదురుగా అప్పుడే షట్టరు ఎత్తిన కరెంటు సామాను అంగట్లో ఫ్యూజు వైరు కొని జేబులో వేసుకుంటాం. గొర్రెల పెద్దాయన మళ్ళీ ఎదురై అడిగితే ఈసారి చెప్పడానికి జవాబుంది: పని మీద పోతాండాం పెద్దాయనా.